మౌనం ఎవరి సొమ్ము?

మూడు రోజులు మాటాడకుండా కూర్చోండి. ఊపిరి లెక్కపెట్టండి. ఆ తరవాత కుంచె సిరాలో ముంచి కాగితం మీద ఒక్క గీత గీయండి. ఆ గీతలో మీకు మీరు దొరుకుతారు. బొమ్మ వేయడం రాకపోయినా ఫరవాలేదు, రానివాళ్ళకే ఇంకా మంచిది. కొల్లేటి ఒడ్డున ఒక తోటలో జరిగే ధ్యాన శిబిరం గురించి ఈమధ్య నా చేతికి వచ్చిన కరపత్రం సారాంశం ఇది. జపాను దేశపు జెన్ ధ్యానాన్నీ, చిత్రలేఖనాన్నీ కలిపి మనస్సుకు శాంతి కలిగిస్తారట. రుసుము కొన్ని వేల రూపాయలు. భోజనం, వసతి అందులోనే.

ఈ కరపత్రాన్ని చూసి నవ్వి అవతల పారేయడం తేలిక. మన అభ్యుదయ రచయితల్లో చాలామంది చేసే పని అదే. ‘పలాయనవాదం’ అనే ముద్ర ఒకటి మనదగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది, దాన్ని కొట్టేసి మన పని మనం చూసుకుంటాం. నేనూ అంతే చేసేవాణ్ణి. కాని ఆ కరపత్రాన్ని నాకు చూపించింది నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి. ఆమె అప్పటికే ఆ శిబిరానికి వెళ్ళివచ్చింది. అక్కడ తాను వేసిన బొమ్మ కూడా తెచ్చింది. రెండు తుంగ పరకలు, వాటి కింద నీళ్ళు. నీళ్ళను గీయలేదు, కాగితాన్ని ఖాళీగా వదిలింది, అంతే. అవి నీళ్ళే. బొమ్మ బాగుందని ఒప్పుకోక తప్పలేదు.

“మాస్టారూ, అక్కడ నాకు నిజంగానే మనసు కుదుటపడింది. అది అబద్ధమంటారా?” అని అడిగింది.

అబద్ధం కాదన్నాను. కాని అంతటితో జవాబు పూర్తికాలేదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. మిగిలిన జవాబు ఇది.

ముందు అవతలివాళ్ళ వాదాన్ని దాని బలంతో సహా చెప్పుకోవాలి. ఈనాటి మనిషి చూపు ముక్కలైపోయింది. చేతిలో ఫోను, చెవిలో రొద, బుర్రలో అప్పులు. ఒక్క వస్తువు మీద ఐదు నిమిషాలు దృష్టి నిలపలేనివాడు బొమ్మ ఏం వేస్తాడు, పద్యం ఏం రాస్తాడు? కాబట్టి చూపు నేర్పాలి, చూపుకు నిశ్శబ్దం కావాలి, నిశ్శబ్దానికి ఊరికి దూరంగా ఒక చోటు కావాలి. ఇదీ వాదం. ఇందులో తప్పేమీ నాకు కనిపించదు. నిశ్శబ్దం లేకుండా కళ పుట్టదు. నినాదం పుట్టవచ్చు, దానికీ అవసరం ఉన్నది, అది వేరే సంగతి.

తప్పు ఎక్కడుందంటే, ఈ నిశ్శబ్దం ఎక్కడినించి వచ్చింది, దీని ఖర్చు ఎవరు భరిస్తున్నారు, ఇది దేన్ని చూడటానికి పనికివస్తుంది అనే మూడు ప్రశ్నలనూ శిబిరం గేటు బయటే వదిలిరమ్మనడంలో ఉన్నది. చెప్పులు బయట విడవమంటే విడుస్తాం. బుద్ధి బయట విడవమంటే ఎట్లా?

జపాను దాకా పోనక్కర లేదు. ఏలూరికి నలభై కిలోమీటర్ల దూరంలో, కామవరపుకోట దగ్గర జీలకర్రగూడెం కొండల్లో గుంటుపల్లి బౌద్ధ గుహలు ఉన్నాయి. ధ్యానం కోసం కళ, కళలో ధ్యానం అనే మాటలకు మన ప్రాంతంలో అంతకంటే పాత సాక్ష్యం లేదు. అక్కడ కొండను తొలిచిన గుండ్రని చైత్యగృహం ఒకటి ఉన్నది. తల ఎత్తి చూస్తే రాతికప్పులో దూలాల్లాగా, వాసాల్లాగా గాట్లు కనిపిస్తాయి. రాతికి దూలాలెందుకు? ఆ శిల్పికి తెలిసిన ఇల్లు కర్రతో కట్టిన గుండ్రటి గుడిసె. వడ్రంగి చేతిపనిని అతను రాతిలో మళ్ళీ చేశాడు. బిక్షువు కళ్ళుమూసుకుని కూర్చున్నది సామాన్యుడి ఇంటికప్పు కిందనే.

ఆ గుహలు దేనికి? బౌద్ధ బిక్షువులు ఏడాదిలో తొమ్మిది నెలలు తిరుగుతారు, వానకాలం మూడు నెలలు ఒకచోట ఉంటారు. దాన్ని వర్షావాసం అన్నారు. ఈనాటి శిబిరాలన్నిటికీ తాత అదే. ఈ నియమం ఎందుకు వచ్చిందో వినయ గ్రంథాలే చెపుతున్నాయి. వానల్లో బిక్షువులు తిరుగుతూ లేత పైర్లు తొక్కేస్తున్నారనీ, పురుగూ పుట్రా చంపేస్తున్నారనీ జనం సణిగారు. అందుకని బుద్ధుడు కూర్చోమన్నాడు. ఏకాంతవాసం పుట్టింది రైతు ఫిర్యాదులోంచి! బిక్షువు తన శాంతి కోసం లోకాన్ని వదలలేదు, రైతు పైరు కోసం తన నడకను వదులుకున్నాడు. ఈనాటి శిబిర నిర్వాహకులు ఈ సంగతి ఒక్కటి జ్ఞాపకం పెట్టుకుంటే చాలు, కరపత్రం తిరగరాసుకోవలసి వస్తుంది.

ఇంకొక సంగతి. గుంటుపల్లిలో ఒక మంటపాన్ని దానం చేసినవాడు చుళగోముడు అని శాసనం చెపుతుంది. ఇతను మహామేఘవాహన వంశపు రాజు సదుడి దగ్గర లేఖకుడు, అంటే రాతగాడు, మన కులంవాడే! అమరావతి స్తూపానికి పూర్ణఘటం చెక్కిన ఫలకాన్ని ఇచ్చినవాడు విధికుడనే చర్మకారుడు. తల్లి, భార్య, సోదరులు, బిడ్డలు అందరితో కలిసి ఇచ్చానని రాయించుకున్నాడు. రాజులూ, వర్తకులూ ఇచ్చినవి ఎక్కువే, నేను కాదనను. కాని తోలు పని చేసేవాడి పేరు ఆ రాతిమీద ఉన్నది. ఆ మౌనానికి ఎవరెవరు ఎంతెంత ఇచ్చారో అక్కడి రాళ్ళే లెక్క చెపుతున్నాయి. ఈనాటి శిబిరంలో వంట చేసిన మనిషి పేరు ఏ గోడమీద ఉన్నది?

ఈ ధ్యానమే చైనాకు పోయి ‘చాన్’ అయింది, జపానుకు పోయి ‘జెన్’ అయింది. మాట మన ‘ధ్యానమే’. దాన్ని చైనాకు తీసుకుపోయిన బోధిధర్ముడు దక్షిణ భారతదేశం వాడని సంప్రదాయం. జెన్ గురుపరంపరలో పద్నాలుగోవాడుగా నాగార్జునుణ్ణి లెక్కిస్తారు. ఈ మాట వినగానే మనవాళ్ళకు ఛాతీ ఉబ్బుతుంది. ఉబ్బనీయండి. కాని ఆ పరంపరలో మనం గర్వించవలసినవి వేరే ఉన్నాయి. ఆరవ చైనా గురువు హ్వెనెంగ్ కట్టెలమ్ముకుని తల్లిని పోషించినవాడనీ, అక్షరం రానివాడనీ, మఠంలో ధాన్యం దంచే కొట్టంలో పనిచేశాడనీ సంప్రదాయం చెపుతుంది. తొమ్మిదో శతాబ్దం మొదట్లో చనిపోయిన బైజాంగ్ అనే గురువు బిక్షువులు పొలం పని చెయ్యాలని నియమం పెట్టాడు. ముసలితనంలో ఆయన పనిముట్లు శిష్యులు దాచేస్తే, పని చెయ్యని రోజున తిండి ముట్టనని కూర్చున్నాడని కథ. పారా పట్టకపోతే ధ్యానం లేదన్న మనిషి ఆయన. ఆ పారాను తీసేసి కుంచె ఒక్కటే చేతికిచ్చి, ఇదే జెన్ అంటే ఆయనే ఒప్పుకోడు.

అయితే జెన్‌ను శ్రమజీవుల మతంగా చిత్రించి మనకు మనం మోసపోకూడదు. కియోటో నగరంలో సిరాచిత్రాలు వర్ధిల్లిన జెన్ మఠాలకు షోగన్ల అండ ఉన్నది, భూములున్నాయి, ఆ భూముల్లో పనిచేసే రైతులున్నారు. సెష్షూ కుంచెలోని ఆ మహాశాంతికి వెనక అటువంటి ఏర్పాటు ఉన్నది. 1467లో మొదలైన ఓనిన్ యుద్ధం అదే కియోటోను బూడిద చేసింది. సెష్షూ గొప్ప చిత్రకారుడు కాకుండా పోయాడా? పోలేదు. గొప్ప కళకు వెనక ఎవరి కష్టమో ఉన్నదని చెప్పినంత మాత్రాన కళ చిన్నదైపోదు. ఆ కష్టాన్ని దాచిపెట్టినప్పుడే చిన్నదవుతుంది.

అదే జపానులో పద్దెనిమిదో శతాబ్దంలో హకూయిన్ అనే జెన్ గురువు ఉండేవాడు. రాజధానిలో కాదు, తాను పుట్టిన హరా అనే పల్లెలో ఒక చిన్న గుడిలో ఉన్నాడు. వేలకొద్దీ బొమ్మలు వేసి వచ్చినవాళ్ళకల్లా ఇచ్చాడు. వాటిలో పల్లెజనం నవ్వుకునే హాస్యం ఉన్నది. ఈయనే ఒక ప్రభువుకు లేఖ రాస్తూ, విలాసాలు మానమనీ, రైతులను పీల్చవద్దనీ మందలించాడు. ధ్యానం చేసిన చెయ్యి, బొమ్మ వేసిన చెయ్యి, ప్రభువును మందలించిన చెయ్యి ఒక్కటే. మన శిబిరాలవాళ్ళు మొదటి రెండింటినీ దిగుమతి చేసుకున్నారు. మూడోది ఓడలో ఎక్కలేదు.

మూడోది లేకపోతే ఏమవుతుంది? ఇదేదో ఊహ కాదు, జరిగిన చరిత్ర. ఆయిగెన్ హెరిగెల్ అనే జర్మన్ ఆచార్యుడు 1924 నుంచి 1929 దాకా జపానులో ఉండి విలువిద్య నేర్చుకున్నాడు. తాను బాణం వదలడం కాదు, బాణమే వదులుకుంటుంది అనే దశ గురించి 1948లో అచ్చయిన తన పుస్తకంలో వర్ణించాడు. కళలో జెన్ అనే మాట పడమటి దేశాల్లో మారుమోగడానికి ఆ చిన్న పుస్తకం ఒక పెద్ద కారణం. ఈ పెద్దమనిషి 1937లో నాజీ పార్టీలో చేరాడు. అహం కరిగిపోయిందన్న మనిషికి హిట్లరు అడ్డు రాలేదు. జపానులో జెన్ మఠాలు సైన్యాన్ని ఆశీర్వదించాయి. ‘నేను లేను’ అన్న తత్వాన్ని, చంపడానికీ చావడానికీ వెనుదీయని సైనికుణ్ణి తయారుచెయ్యడానికి వాడారు. బ్రయాన్ విక్టోరియా అనే జెన్ బిక్షువే 1997లో ఈ చరిత్రనంతా గ్రంథంగా బయటపెట్టాడు. సోతో శాఖ 1992లో పశ్చాత్తాపం ప్రకటించింది. మ్యోషిన్‌జి శాఖ 2001లో క్షమాపణ చెప్పింది. తప్పు ఒప్పుకున్నందుకు వాళ్ళను గౌరవించాలి. కాని పాఠం మాత్రం స్పష్టమే. ఏకాగ్రత ఒక పనిముట్టు. కత్తి వంకాయా కోస్తుంది, గొంతూ కోస్తుంది. దృష్టి నిలిపావా అన్నది మొదటి ప్రశ్నే. దేనిమీద నిలిపావు, ఎవరి తరఫున నిలిపావు అన్నది అసలు ప్రశ్న.

శిబిరం పద్ధతి ఇప్పుడున్న రూపం తీసుకున్నది అమెరికాలో. 1973లో ఫ్రెడరిక్ ఫ్రాంక్ అనే చిత్రకారుడు, బొమ్మ వేయడమే ధ్యానమని ఒక పుస్తకం రాశాడు. 1980లో జాన్ డైడో లూరి అనే ఛాయాచిత్రకారుడు న్యూయార్కు రాష్ట్రపు కొండల్లో జెన్ మఠం పెట్టి, కళలను సాధనలో భాగం చేశాడు. వీళ్ళను తేలిగ్గా తీసిపారేయను. ఫ్రాంక్ వృత్తికి దంతవైద్యుడు. ఆఫ్రికాలో ష్వైట్జర్ ఆస్పత్రికి పోయి పేదరోగుల పళ్ళు బాగుచేసి వచ్చినవాడు. ఆయన ‘చూడటం’ గురించి చెపితే ఆ మాటకు వెనక రోగి నోరు ఉన్నది. ఆ నోరు తీసేసి ‘చూడటాన్ని’ మాత్రం పొట్లం కట్టి అమ్మితే అది వేరే సరుకు.

ఇప్పుడు మన నేలకు వద్దాం. భీమవరం మీదుగా పోయే రైలెక్కితే నరసాపురం వస్తుంది. అక్కడా, చుట్టుపక్కల పల్లెల్లోనూ ఆడవాళ్ళు లేసు అల్లుతారు. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని ఇది. అరుగుమీద కూర్చుని, మాటాడకుండా, ముడి వెనక ముడి, కన్ను సూదిమీంచి కదల్చకుండా గంటల తరబడి అల్లుతారు. ఊపిరి లెక్కపెట్టరు, ముళ్ళు లెక్కపెడతారు. లెక్క తప్పితే పువ్వు చెడుతుంది, పువ్వు చెడితే కూలి పోతుంది. మరియా మీజ్ అనే జర్మన్ సామాజిక శాస్త్రజ్ఞురాలు అక్కడికి వచ్చి పరిశోధించి 1982లో ఒక గ్రంథం వెలువరించింది. ఆమె ఎత్తిచూపిన ముఖ్యమైన సంగతి ఇది: ఇంటిపని కాక రోజుకు ఆరేసి ఎనిమిదేసి గంటలు లేసు అల్లే ఈ స్త్రీలను శ్రామికులుగా లెక్కించలేదు. వాళ్ళు గృహిణులట, లేసు వాళ్ళ తీరిక వేళల కాలక్షేపమట! కాలక్షేపమైతే కూలి ఎందుకు పెంచాలి? ఆ లేసు విదేశాలకు ఎగుమతి అయింది, లాభం వర్తకుడికి దక్కింది, కాలక్షేపం అనే పేరు ఆమెకు దక్కింది.

పాఠకులు ఈ రెండు దృశ్యాలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకచోట, తీరిక ఉన్నవాడు డబ్బిచ్చి మౌనంగా కూర్చుని చేతిపని చేస్తే దాన్ని సాధన అంటున్నాం. ఇంకొకచోట, తీరికలేని మనిషి మౌనంగా కూర్చుని చేతిపని చేస్తే దాన్ని తీరిక అంటున్నాం! ఏకాగ్రత ఒక్కటే. చెయ్యి ఒక్కటే. వర్గం మారింది, పేరు తిరగబడింది. శిబిరాల మీద నా ఫిర్యాదంతా ఈ ఒక్క తిరగబడ్డ పేరులో ఉన్నది.

నా విద్యార్థిని అమ్మమ్మ లేసు అల్లిన మనిషి. ఆ అమ్మాయి నాకు ఈ సంగతి తనంతట తానే చెప్పింది. శిబిరంలో గురువుగారు “మీ చేతిని మీ మనసుకు వదిలెయ్యండి” అన్నప్పుడు తనకు అమ్మమ్మ వేళ్ళు జ్ఞాపకం వచ్చాయట. చూపు ఆనక సూదిలో దారం ఎక్కించలేని రోజున ఆమె మానేసింది. “అమ్మమ్మకు ఎవరూ శాంతి నేర్పలేదు మాస్టారూ” అన్నది. నేను రాయబోయే వ్యాసాన్ని ఆమె ఒక్క వాక్యంలో చెప్పేసింది.

ఇక కొల్లేరు. మా మండవల్లి 2022 దాకా కృష్ణా జిల్లాలో ఉండేది, ఇప్పుడు ఏలూరు జిల్లాలో ఉన్నది. జిల్లా మారినా సరస్సు మారలేదు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చిపోసే నీరంతా ఉప్పుటేరు గుండా సముద్రానికి పోవాలి. పోకపోతే లంక గ్రామాలు మునుగుతాయి. 1999లో ఐదో కాంటూరు దాకా అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో అభయారణ్యం లోపలి చేపలచెరువుల గట్లు కొట్టేశారు. ఆ చెరువుల్లో డబ్బున్న కౌలుదార్లవీ ఉన్నాయి, లంకల్లోని చేపలవాళ్ళ సొసైటీలవీ ఉన్నాయి. గట్టు తెగినప్పుడు ఇద్దరికీ ఒకే దెబ్బ తగలలేదు. ఒకడికి పెట్టుబడి పోయింది, ఇంకొకడికి బతుకు పోయింది. సరస్సు చావకూడదన్నదీ నిజమే, సరస్సుమీద బతికేవాడు చావకూడదన్నదీ నిజమే. ఈ చిక్కుముడి ఈనాటికీ విడలేదు.

శిబిరం కరపత్రంలో ఉన్నది నీళ్ళూ, తుంగా, గూడకొంగా. అవి అబద్ధాలు కావు. ఆటపాక దగ్గర గూడకొంగలను చూసి చలించనివాడు మనిషి కాడు. కాని తాటిదోనెలో కర్ర గుచ్చుకుంటూ వచ్చేవాణ్ణి చిత్రకారుడు నీళ్ళలో గీతగా మాత్రమే చూస్తే, అది సగం చూపు. జెన్ చిత్రకారులు కాగితంలో ఖాళీ వదిలారు. ఆ ఖాళీలో పొగమంచు ఉన్నదనీ, నది ఉన్నదనీ చూసేవాడికి తెలుస్తుంది. మన శిబిరం వదిలే ఖాళీలోంచి మనుషుల్ని తీసేశారు. చూపకుండా చెప్పడం వేరు, లేకుండా చెయ్యడం వేరు.

ఇంతవరకూ అవతలివాళ్ళను అన్నాను. ఇక మనల్ని మనం అనుకోవాలి. ఆ అమ్మాయి మన సభలకు కూడా వచ్చింది. అక్కడ ఉపన్యాసాలు విన్నది, తీర్మానాలు విన్నది. ఒక్క మొక్కను ఎట్లా చూడాలో, ఒక్క ముఖాన్ని ఎట్లా చూడాలో ఎవరూ చెప్పలేదు. పీడితుడని పదిసార్లు రాసిన మన కవి ఆ పీడితుడి చేతివేళ్ళను ఒక్కసారి వర్ణించగలడా? వర్ణించాలంటే చూడాలి, చూడాలంటే కాసేపు నోరు మూసుకోవాలి. ఆ కాసేపు మనం ఇవ్వలేదు. మనం ఇవ్వనిదాన్ని ఆమె డబ్బిచ్చి కొనుక్కున్నది. కొన్నందుకు ఆమెను తప్పుపట్టే ముందు, మన అంగట్లో అది ఎందుకు లేదో ఆలోచించాలి.

అభ్యుదయ రచయితల సంఘం 1943లో తెనాలిలో పుట్టింది. అదే సంవత్సరం బెంగాల్లో కరువు. చిత్తప్రసాద్ మిడ్నపూర్ జిల్లాలో ఊరూరా నడిచి ఆకలిచావుల బొమ్మలు గీశాడు. వాటిని పుస్తకంగా వేస్తే బ్రిటిషు ప్రభుత్వం ప్రతులను పట్టుకుని తగలబెట్టింది. ఎముకల గూడైన బిడ్డ ఎదుట నిలబడి, చెయ్యి వణకకుండా, కన్ను తిప్పుకోకుండా గీత గీయడం కంటే కఠినమైన ధ్యానం ఏ మఠంలో ఉన్నది? అది మన వారసత్వం. దాన్లో నినాదాన్ని దాచుకుని చూపును పారేసుకున్నాం.

అదే తెనాలి ప్రాంతంలో, దుగ్గిరాల దగ్గర తుమ్మపూడిలో సంజీవదేవ్ ఉండేవాడు. యౌవనంలో హిమాలయాలకు పోయాడు, కులూ లోయలో నికొలాయ్ రోరిక్ దగ్గర గడిపాడు. తిరిగి తన ఊరికి వచ్చి, 1999లో చనిపోయేదాకా అక్కడే ఉండి బొమ్మలు వేశాడు, వ్యాసాలు రాశాడు, అసంఖ్యాకంగా ఉత్తరాలు రాశాడు. ఆయన సౌందర్యతత్వంతో నాకు పేచీ ఉన్నది. లోకంలోని సంఘర్షణ ఆయన వాక్యంలో మరీ మెత్తబడిపోతుంది. కాని ఆయన హిమాలయాన్ని అమ్మలేదు. తుమ్మపూడి వెళ్ళిన రచయితలూ, చిత్రకారులూ ఎందరో ఉన్నారు, రుసుము కట్టినవాడు లేడు. పోయినవాడు తిరిగి ఊరికి రావాలన్న సంగతి ఆయన మాటల్లో కంటే బతుకులో బాగా చెప్పాడు. మనం ఆయన్ని ‘భావవాది’ అని పక్కన పెట్టాం. పెట్టి, ఆయన దగ్గర నేర్చుకోవలసిన చూపు కూడా పక్కన పెట్టాం.

కాబట్టి శిబిరాలు వద్దని నేను అనను. మనమే పెడదాం అంటున్నాను. సెలవుల్లో ఖాళీగా ఉండే బడి గది చాలు. రుసుము వద్దు, ఎవరి బియ్యం వాళ్ళు తెచ్చుకోవచ్చు, వంటా, అంట్లూ వంతులవారీగా మనమే చేసుకోవచ్చు. ఉదయం మౌనంగా కూర్చుందాం, అందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. ఆ తరవాత ఏకాగ్రత నేర్పడానికి ఒక లేసు అల్లే అమ్మను పిలుద్దాం, గురువుకిచ్చే దక్షిణ ఆమెకిద్దాం. దోనె నడిపేవాడి ఎదుట కూర్చుని, అతను ఒప్పుకుంటే, అతని చేతులు గీద్దాం. గీసిన బొమ్మ ముందు అతనికే చూపిద్దాం. అతను “ఇది నేను కాదు” అంటే మళ్ళీ గీద్దాం. మూడోనాడు మౌనం విప్పి, ఉప్పుటేరు ఎందుకు పూడిందో, చెరువు ఎవరి చేతికి పోయిందో మాటాడుకుందాం. వర్షావాసం అయిపోగానే బిక్షువు మళ్ళీ దారిపట్టేవాడు. దారిపట్టని ఏకాంతవాసాన్ని గుంటుపల్లి కొండ కూడా ఎరగదు.

ఆ అమ్మాయికి ఈ మాటలే చెప్పాను. నీకు దొరికిన శాంతి అబద్ధం కాదమ్మా, దాని బాకీ ఒకటి ఉన్నది, అంతే. అమ్మమ్మ ఎదుట కూర్చుని ఆ కుంచెతోనే ఆమె వేళ్ళు వెయ్యి, అన్నాను. తలవూపి వెళ్ళింది. వారం రోజుల తరవాత వచ్చి, ఎన్నిసార్లు వేసినా బొటనవేలు కుదరడం లేదని చెప్పింది.